పరాసు దొర హద్దు

“దేవన్న పోయినంక సమాధి కాడ దీపం ఎవలు పెడుతున్నరవ్వా?” అని గోదావరి అడిగింది.

చెరుకు నరికిన మోళ్ళ పక్కన గట్టు మీద కూర్చున్న హన్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భర్త దేవన్న చనిపోయి వారం కూడా కాలేదు.

“మేమైతే పెడ్తలేం. మాకు అంటు, సావు మైల ఉన్నది గద బిడ్డా. పదొద్దులు ఎల్లేదాక మా ఇంటోళ్ళు దీపం ముట్టద్దు.”

“మీ పాలోళ్ళు, దాయాదులు?”

“వాళ్ళకు సుత అంటు ఉన్నది.”

“మరి ఊర్ల ఇంకెవలన్న?”

“పొద్దుమూకినంక పరాసు దొర కాడికి ఎవలస్తరు? మా మామ తాతల కాడికెల్లి మేమే పెడుతున్నం. వేరేటోళ్ళకు ఏం పని?”

“కని దీపం ఎలుగుతున్నది.”

“ఎలుగుతున్నది.” హన్మవ్వ గొంతు తగ్గించింది. “ఒకటి గాదు. రెండు.”

గోదావరి ఆమె మొహంలోకి చూసింది.

“ఎప్పటికొక్కటే ఉండె. ఆయన పోయిన తెల్లారికెల్లి రెండైనయ్. దొర తన సాయిసును తోలుకపోయిండట. ఒకటి దొరకు, ఒకటి దేవన్నకు అంటున్నరు ఊరోళ్ళు. దీపం కాడ అత్తరు వాసన గూడ వస్తదట. దొర పూసుకునే అత్తరట.”

గోదావరి నిజామాబాదులో ఒక వకీలు దగ్గర పనిచేసేది. కేసు కోర్టుకెక్కే ముందు అందులో నిజమెంతో తిరిగి, విని, చూసి కనుక్కుని రావడం ఆమె పని. బోధన్ నుంచి రుద్రూర్ వెళ్ళే దారిలో ఉన్న ఈ ఎర్రమడుగుకు ఆమె వచ్చింది దేవన్న తరఫున, ఆయన ఇనాం భూమి తగాదా కోసం. వచ్చేసరికి భూమి మనిషి చనిపోయి ఉన్నాడు.

ఆ భూమి కథ పాతది. నిజాం కొలువులో ఫ్రెంచి పటాలం ఉన్న రోజుల్లో, పటాలం ఖర్చుల కింద ఇచ్చిన భూముల్లోంచి లవాల్ అనే ఒక అధికారికి ఇక్కడ కొంత దక్కింది. ఆయన జ్వరంతో ఇక్కడే కన్నుమూశాడు. తర్వాత పటాలం రద్దయింది, ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయారు. సమాధి దగ్గర రోజూ దీపం పెట్టాలన్న షరతుతో ఆ భూమి ఆయన గుర్రాన్ని సాకిన సాయిసు కుటుంబానికి ఇనాంగా వచ్చింది. దేవన్న ఆ సాయిసు వంశంలోవాడు. ఊరివాళ్ళకు లవాల్ పేరు తెలియదు. పరాసు దొర అంటారు.

గోదావరి హైదరాబాదు దఫ్తరులో కూర్చుని, ఫారసీ వచ్చిన ఒక మున్షీతో ఆ ఇనాం ఇచ్చిన సనదు పత్రం నకలు చదివించుకుంది. మూడు దిక్కులా హద్దులు తేటగా ఉన్నాయి. వాగు, బండ్ల బాట, గుట్ట. పడమటికి మాత్రం “ఉప్పు, బొగ్గులు పోసి పాతిన రాయి” అని ఉంది. సమాధి నుంచి ఎంత దూరమో లేదు. రాయి ఎక్కడుంటే హద్దు అక్కడ.

ఇప్పుడా రాయి సమాధిని ఆనుకున్నంత దగ్గరగా నిలబడి ఉంది. అదే హద్దయితే బావి, కాలువ నీళ్ళు పారే నేల మొత్తం పక్క భూమి ఆసామి రామ్‌దాస్ పటేలుకు పోతుంది. హన్మవ్వకు మిగిలేది ఒక గోరీ, దాని చుట్టూ నాలుగు సాళ్ళ చెరుకు. రేపు పొద్దున్నే తహశీల్దారు హద్దులు చూడటానికి వస్తున్నాడు.

“రాయి ముందట ఏడుండెనో నీకెరుకే గద?”

“ఎరుకే. గీ జాగల్నే అని చూపెట్టిన. మా పాలోళ్ళు తవ్విండ్రు, ఏం ఎల్లలే. ఇంకో కాడ తవ్విండ్రు, గాడ లేదు. ఎన్నడన్న రాయిని చూసి నడిచినం గని జాగను చూసి నడిచినమా బిడ్డా? ఆయన పోయిన తెల్లారే పటేల్ మనుషులు సెత్తకు అగ్గి పెట్టిండ్రు. ఇప్పుడు నేలంత ఒక్కతీరే ఉన్నది.”

నిజమే. ఎదురుగా కాలిన చెరుకాకు మసితో పొలమంతా నల్లగా పరుచుకుని ఉంది. ఏ గుంత ఎక్కడ పూడ్చినా పైకి కనబడదు.

“ఊరోళ్ళు చెప్పరా?”

“ఊరందరికి కండ్లున్నయి. పటేల్ ముంగట నోరు లేదు.”

గోదావరి అసలు సంగతి అడిగింది. “దేవన్నకు తానం పోసింది నువ్వే గద. ఒంటి మీద ఏమున్నది?”

“నెత్తురు లేదు. దెబ్బ లేదు. రొమ్ము మాత్రం లోపలికి పోయి నీలంగున్నది. సమాధి మీద బోర్ల పడి ఉన్నడు. ఠాణా నుంచి వచ్చినోళ్ళు దడుసుకోని గుండె ఆగిందన్నరు. ఇంగొకటి...” ఆమె చేతులు చాచి లోపలివైపు చూపింది. “గీ దండచేతులకు, గీ చెంపకు తెల్లగ అంటింది. దొర తెల్లోడు గద, ముట్టుకున్న కాడల్ల తెల్లగైందన్నరు. నేను కడిగిన. సున్నం.”

“దేవన్న సున్నం వేసెటోడా దేనికన్న?”

“ఏడాదికొక్కపారి రాయికి వేస్తుండె.”

గోదావరి లేచింది. పొలంలోకి అడుగు పెట్టబోతుంటే హన్మవ్వ గబగబా అంది, “చెప్పులిడువు బిడ్డా. రాయి కాడ చెప్పులిడిచి పోవాలె. ఊర్ల ఎవలైనా గంతే. ఇడువకుంటే దొర గుర్రం రాత్రి ఇంటి ముంగట సకిలిస్తది.”

“నువ్వు రావా?”

“అంటుల నేను రాయి దాటద్దు.”

సమాధి చుట్టూ కొన్ని సాళ్ళ చెరుకు నరకకుండా వదిలారు. దొర వాటా అని ఏటా వదులుతారట. రాయి దగ్గర చెప్పులు విడిచి, ఆకులు తప్పించుకుంటూ గోదావరి లోపలికి వెళ్ళింది. నల్లరాతి దిమ్మె. తలవైపు దీపపు గూడు. దానిపైన చెక్కిన పరాసు అక్షరాలు అరిగిపోయి పురుగు తిన్న ఆకులా ఉన్నాయి. బయట ఎండగా ఉన్నా లోపల చల్లగా ఉంది. ఎవరో పక్కనే ఊపిరి తీస్తున్నట్టు చెరుకాకు ఆగి ఆగి కదులుతోంది.

గూట్లో రెండు దీపాలున్నాయి. ఒకటి తరతరాల జిడ్డు పట్టిన ప్రమిద. రెండోది ప్రమిద కాదు, అంచు విరిగిన టీ సాసరు. దయ్యం హోటల్లో టీ తాగదు. గోదావరి సాసరులో మిగిలిన నూనెను వేలికి అద్దుకుని వాసన చూసింది. ఆముదం కాదు. గులాబీ వాసన కలిపిన తలనూనె.

ఊరి దుకాణంలో ఆముదం అడిగితే ఎందుకని అడుగుతారు. ఎవరూ తనను అడగకూడదనుకున్నవాడు తన సంచిలో ఉన్న నూనె తెచ్చాడు.

బయట కిర్రు, కిర్రుమని చప్పుడైంది. ఎర్రమడుగులో ఆ చప్పుడు వినగానే అరుగుల మీది మాటలు ఆగిపోతాయి. రామ్‌దాస్ పటేలు ఎర్రతోలు కిర్రు చెప్పులు. చప్పుడు రాయి దగ్గర ఆగింది. కానీ ఆయన వెంట వచ్చిన మనిషి ఆగలేదు. చెప్పులతోనే చెరుకును తోసుకుంటూ సమాధి దాకా వచ్చి నిలబడ్డాడు.

రాజనర్సు. ఒకప్పుడు పోలీసు జమేదారు. తర్వాత కొన్నేళ్ళు గోదావరి పనిచేసే వకీలు దగ్గరే ఉండి ఆమెకు పని నేర్పాడు. ఇప్పుడు పటేలు తరఫున తిరుగుతున్నాడు.

“ఏం గోదావరీ, దయ్యాలకు సమన్లు ఇయ్య వచ్చినవా?”

“దయ్యాలు నిలబడి తీసుకుంటయి జమేదార్ సాబ్. మనుషులే తప్పించుకుంటరు.”

రాజనర్సు నవ్వి, రుమాలుతో మెడ తుడుచుకుని, టోపీ తీసి విసురుకున్నాడు. “నేన్నేర్పిన మాటలు నాకే అప్పజెప్తున్నవు. చెప్పులతోని వచ్చిన చూడు. ఏమైంది నాకు? ముసలోడు చీకట్ల దడుసుకున్నడు, సచ్చిండు. గంతే కేసు.”

“సచ్చినోని ఒంటి మీద ఏమున్నదో ముందు చూడమని మీరే నేర్పిండ్రు. దేవన్న దండలకు సున్నమున్నది.”

“సమాధి మీద పడ్డడు. అంటింది.”

“దేనికెల్లి అంటింది?”

రాజనర్సు సమాధి వైపు చూశాడు. నల్లరాయి నల్లగానే ఉంది. సున్నపు చుక్క లేదు. అతను టోపీ విసురుకోవడం ఆపాడు.

చెరుకు అవతలి నుంచి పటేలు గొంతు వినబడింది. “పొద్దంత ఏడేడ ముట్టుకున్నడో ముసలోడు. గా లెక్క మనకెందుకు? వకీలమ్మా, బయటికి రా. రాయి కింద తవ్వుకో. నీ సనదుల రాసినట్టు ఉప్పు, బొగ్గులు ఉంటే నోరు మూసుకోని బస్సెక్కు.”

“నేను వకీలమ్మను గాను పటేలా. బస్సు మాత్రం ఎక్కుత. తవ్వినంక.”

పటేలు వెంట వచ్చిన జీతగాడి దగ్గర గడ్డపార తీసుకుని ఆమే తవ్వింది. మట్టి మెత్తగా వచ్చేసింది. రాయి మొదట్లో ఉప్పు తెల్లగా కనిపించింది. దాని కింద నల్లని ముక్కలు.

“ఉన్నయా?” పటేలు గట్టిగా నవ్వాడు. చెప్పులు కిర్రుమన్నాయి. “రాజన్నా, నీ శిష్యురాలికి టికెట్ పైసలియ్యి.”

గోదావరి ఒక ముక్కను అరచేతిలో నలపబోయింది. నలగలేదు. బరువుగా, గుల్లగుల్లగా, అక్కడక్కడ గాజులా మెరుస్తూ ఉంది.

“కట్టెబొగ్గు గాదిది. చక్కెర ఫ్యాక్టరీ బాయిలర్ల కాలిన రాతిబొగ్గు చిట్టెం. మీ బండ్ల బాట మీద గుంతలల్ల పోసేది గిదే గద? పరాసు దొర సచ్చిన్నాడు ఈ ముల్కుల బాయిలర్ ఏడిది?”

జీతగాడు తల దించుకున్నాడు. పటేలు నవ్వు ఆగిపోయింది. రాయి పాతేటప్పుడు కింద బొగ్గులుండాలని వాళ్ళకు గుర్తుంది. అసలు బొగ్గులు పాత గుంతలోనే ఉండిపోయాయి. తొందరలో చేతికి అందిన నల్లటిదేదో తెచ్చి పోశారు.

రాజనర్సు మాత్రం తడబడలేదు. దగ్గరికి వచ్చి నెమ్మదిగా అన్నాడు. “బొగ్గు బొగ్గే. చిట్టెం తెచ్చి నువ్వే ఏసినవని నేనంట. రాయి జరిగిందంటే సాలదు గోదావరీ. ఏడికెల్లి జరిగిందో చూపెట్టాలె. రేపు తహశీల్దారు అడిగేది గదే. చూపెడ్తవా?”

అతను టోపీ చేత్తోనే పట్టుకుని వెనుదిరిగాడు. అప్పుడు చూసిందామె. ఎండిన జుట్టు, గాలికి రేగి, దుమ్ము పట్టి ఉంది. వకీలు ఆఫీసులో చేరిన రోజు నుంచి అతన్ని ఎన్ని వందలసార్లు చూసిందో. ఎండాకాలం కూడా ఆ తల నూనెతో నిగనిగలాడుతూ ఉండేది. గులాబీ వాసన ముందొచ్చి, వెనక మనిషి వచ్చేవాడు. ఇవాళ ఆ వాసన లేదు.

వాళ్ళు వెళ్ళాక గోదావరి గట్టు మీదికి వచ్చి హన్మవ్వ పక్కన కూర్చుంది.

“అవ్వా, రాయి ఏడుండెనో గుంత పూడ్చినోనికి ఎరుక.”

“వాడు చెప్తడా?”

“నోటితోని చెప్పడు. మాపటికి చూద్దాం.”

పొద్దు గుంకుతుంటే ఇద్దరూ దొర చెరుకు అంచున నక్కి కూర్చున్నారు. అంటు ఉంది కాబట్టి హన్మవ్వ రాయికి ఇవతలే ఉండిపోయింది. పడమటి గాలి లేచి చెరుకాకు గలగలలాడుతోంది. దూరంగా చక్కెర ఫ్యాక్టరీ గొట్టం మీద పొగ ఎర్రగా కనబడి, తర్వాత నల్లబడింది. ఊరివైపు పిల్లల గొంతులు ఒక్కొక్కటే తగ్గాయి.

బాట దిగి ఒక ఆకారం నల్లటి పొలంలో నడిచి వస్తోంది.

హన్మవ్వ గోదావరి చేయి పట్టుకుంది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. “గుర్రం లేదు,” అంది గొణుగుతూ.

ఆకారం పొలం నడుమ ఆగింది. అక్కడ ఏమీ లేదు. రాయి లేదు, గట్టు లేదు. మసి తప్ప గుర్తేదీ లేని చోట వంగి, చెప్పులు విడిచింది. అక్కడి నుంచి వట్టికాళ్ళతో కదిలింది. నరికిన చెరుకు మోళ్ళు కత్తుల్లా ఉంటాయి. అయినా ఆ మనిషి కుంటుతూ, ఒక్కో అడుగు ఓర్చుకుంటూ వచ్చాడు. పక్కనుంచి పోతున్నప్పుడు మొహం కనిపించింది.

రాజనర్సు.

గోదావరి గడ్డపార తీసుకుని వెనకే సమాధి దగ్గరికి వెళ్ళింది. అతను గూటి ముందు మోకాళ్ళ మీద కూర్చుని సీసా వంచుతున్నాడు. ప్రమిదలో నాలుగు చుక్కలు పడ్డాయి. సాసరులోకి ఒక్క చుక్క కూడా రాలేదు. సీసాను కుదిపాడు. మళ్ళీ కుదిపాడు. అగ్గిపుల్ల గీశాడు.

“నూనె అయిపోయిందా జమేదార్ సాబ్?”

అతను వెనక్కి తిరగలేదు. లేచి పారిపోవడానికి కూడా చూడలేదు. ప్రమిదలో వత్తి అంటించి, అది నిలబడేదాకా అరచేయి అడ్డం పెట్టాడు.

“మా అవ్వది ఈ ఊరే గోదావరీ,” అన్నాడు చివరికి. “చిన్నప్పుడు అల్లరి చేస్తే దొర గుర్రమొస్తదని పండవెడుతుండె. పొద్దుగాల చెప్పులతోని ఈడిదాక వచ్చిన. నీ ముంగట, పటేల్ ముంగట. ఇంటికి పోయి కక్కుకున్న.”

“దేవన్న ఎట్ల సచ్చిండు?”

“రాయి జరుపుడే అనుకున్న. మోకు కట్టి వంచినం. పటేల్ గీ పక్క, నేను గా పక్క. ముసలోడు దీపం పెట్టి తిరిగొస్తుండె. చూసిండు. అరవలే, తిట్టలే. ఉరికొచ్చి రాయిని కావలించుకున్నడు. దొర రాయి, ఇడువుండ్రి బాంచెన్ అన్నడు. మోకు నా చేతుల ఉన్నది. పటేల్ ఇడువుమన్నడు.” అతను తన అరచేతులు చూసుకున్నాడు. “ఇడిచిన. రాయి ఆయన రొమ్ము మీద పడ్డది.”

గాలికి దీపం వంగి, మళ్ళీ లేచింది.

“ఇద్దరం మోసుకొచ్చి ఈడ పడేసినం. దీపం ఎలుగుతనే ఉండె. ఆయన పెట్టిందే. తెల్లారి మాపటికి ఎవలు పెడ్తరని ఎదురుచూసిన. వాళ్ళకంటు గద. ఎవలూ రాలే. చీకటైంది. పటేల్ ఇంటి సాయబాన్ల అరుగు మీద పండుకుంటే గిట్టల సప్పుడు. నాకొక్కనికే వినబడ్డది. లేచి ఉరికొచ్చి రెండు పెట్టిన.”

“రేపు తహశీల్దారు ముంగట నిలబడి, రాయి ఏడుండెనో చూపెడ్తవా?”

“చూపెడ్త. చూపెట్టినంక నేనేడుంటనో నీకెరుకే. జైల్ల భయం లేదు నాకు. కని మాపటికి ఈడ దీపం ఎవలు పెడ్తరు?”

“నేను పెడ్త.”

చెరుకును చీల్చుకుని వచ్చి హన్మవ్వ నిలబడి ఉంది. రాయి దాటి వచ్చేసింది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు. ఏడవడం లేదు. నేరుగా గూటి దగ్గరికి వచ్చి, విరిగిన సాసరు తీసి రాజనర్సు కాళ్ళ ముందు పడేసింది.

“అంటైతే నాకు తాకని. మా ఆయన ఎవల గుర్రం పట్టెటోడు గాదు. తన భూమి కాడ నిలబడి సచ్చిండు. ఆయనకు నీ తలనూనె దీపమద్దు. ఒక్కటే ఉండనీ, ఎప్పటి తీర్గ.” గోదావరి వైపు తిరిగింది. “ఏడ ఇడిచిండు బిడ్డా చెప్పులు? నడువు. తవ్వుదాం.”

ముగ్గురూ పొలంలోకి వచ్చారు. హన్మవ్వ ముందు నడుస్తోంది. అందరివీ వట్టికాళ్ళే. గాలి తగ్గిపోయింది. చెరుకాకు గలగల ఆగేసరికి తమ అడుగుల చప్పుడే పెద్దగా వినిపించింది.

“గీడనే,” అని రాజనర్సు ఆగాడు. గోదావరి బ్యాటరీ లైటు వేసింది.

పాత పోలీసు చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి. ఆమె వాటిని కాలితో జరిపి గడ్డపార దించింది. పైన గట్టిగా తొక్కిన మట్టి పెళ్ళగా లేచింది. ఇంకొంచెం లోతులో గడ్డపార కొస మెత్తగా దిగింది. పిడికిట్లోకి తీసి వేళ్ళతో నలిపితే పొడైంది. కట్టెబొగ్గు. నాలుకకు అద్దుకుంటే ఉప్పగా ఉంది. హన్మవ్వ కూలబడి, రెండు చేతులూ ఆ గుంతలో పెట్టింది. లోపల ఉన్నది పసిబిడ్డ అయినట్టు మట్టిని మెల్లగా తడిమింది.

లైటు పక్కకు తిప్పిన గోదావరి అలాగే ఆగిపోయింది.

గుంతకు అవతల ఇంకో జత చెప్పులున్నాయి. ముక్కు పైకి తిరిగిన ఎర్రతోలు కిర్రు చెప్పులు. తాము చెరుకు అంచున కూర్చున్నప్పుడు అవి అక్కడ లేవు. రాజనర్సు వెనక ఆమె సమాధి దగ్గరికి వెళ్ళాక, గాలి హోరులో ఎవరో వచ్చారు.

రాజనర్సు వాటిని చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. “పటేల్...”

చాటుగా రావాలనుకున్న మనిషి ఆ చెప్పులు బాట మీదే విడిచి రావాలి. రామ్‌దాస్ పటేలు ఇక్కడి దాకా వేసుకొచ్చి, ఇక్కడ విడిచాడు. ఆయన కూడా ఈ ఊళ్ళో పుట్టినవాడే. రేపు ఎన్ని సాక్ష్యాలు తెచ్చుకున్నా, హద్దు ఎక్కడో ఆయన కాళ్ళు ఇవాళే చెప్పేశాయి. ఆ మాట విన్నవాళ్ళు ముగ్గురే. ముగ్గురూ ఊరికి దూరంగా, ఒకే గుంత చుట్టూ నిలబడి ఉన్నారు.

“అవ్వా, లే,” అంది గోదావరి మెల్లగా.

హన్మవ్వ లేవలేదు. సమాధి వైపు చూస్తోంది. చెరుకు సందుల్లోంచి ఇందాకటి దాకా మిణుకుమంటున్న దీపం ఆరిపోయింది. గాలి లేదు.

చీకట్లో చెరుకు కదిలింది. ఎవరో తమ వైపు నడిచి వస్తున్నారు. ఈసారి కిర్రుమనే చప్పుడు లేదు.